టీచరమ్మ అడిగిన పాసి

టీచరమ్మ పోయిందని, తిరువళ్ళూరు కాలేజీలో ఆమెతో పనిచేసే సారు ఫోను చేశారు. నేను వెంటనే నమ్మలేదు. మీరెవరు, ఈ నంబరు మీకెవరిచ్చారు అని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆయన విసుక్కోలేదు. "మీరు ఇట్లే అడుగుతారని ఆమె ఎప్పుడో చెప్పింది అయ్యా" అన్నారు. అప్పుడు నమ్మాను.

ఆమె మొదటిసారి వచ్చింది ఒక వానాకాలం చివర. తిరుత్తణి దాటి రోడ్డు పక్కనే మా చేను. మోటరు ఆడుతోంది. సిమెంటు కాలువ పక్కన ఎవరో ఆడమనిషి గొంతుక్కూర్చుని నీళ్ళలోకి చూస్తోంది. చెప్పులు మాత్రం గట్టుకు దూరంగా విడిచింది. ఏం కావాలని అడిగాను.

"మీ చేన్లో పాసి ఉండాదే, కొంచెం తీసుకుంటా అయ్యా" అంది.

ఆమెది అరవం. తెలుగు ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నది. మేము పాచిని పాచే అంటాం. తిరుత్తణి కొండ మెట్ల దగ్గర అమ్మే పూసల దండను మాత్రం అరవం మాటతో పాసి అంటాం. అరవంలో ఆ రెంటికీ ఒకటే మాటని ఆ క్షణాన నాకు తట్టలేదు. పూసలే అడుగుతోందనుకున్నాను. ఎక్కడో ఒకాయన చేనులో పాత కుండలు, పూసలు బయటపడితే సర్కారోళ్ళు కంచె వేసి, దున్నొద్దన్నారని విని ఉన్నాను. మాకున్నది ఈ ఒక్క చేనే.

"ఈడ పాసీ లేదు గీసీ లేదు, పోమ్మా" అన్నాను.

మా ఇంటిది కలుపు తీస్తూ తల ఎత్తింది. "పాసులే ఉంటే నా మెడ ఇట్లా బోసిగా ఎందుకుంటాది తల్లీ?"

టీచరమ్మకు అర్థమై, గట్టు మీద కూలబడి నవ్వింది. కాలువ అంచున నీలం కలిసిన పచ్చగా జిగురు జిగురుగా ఉన్న పాచిని వేలితో చూపించింది.

నా అనుమానం తీరలేదు. పాచి కోసం ఎవరైనా రైలెక్కి వస్తారా? నీళ్ళు పరీక్ష చేసి, ఈ నేల చెడిపోయిందని రాసి, ఫ్యాక్టరీ వాళ్ళకు చౌకగా ఇప్పిస్తుందేమో అనుకున్నాను. ఆమె పాత పళ్ళ బ్రష్షుతో పాచిని గీకి సీసాలో వేసుకుంటుంటే పక్కనే నిలబడ్డాను. సీసా మీద పెన్సిలుతో ఏం రాశావని అడిగితే చదివి వినిపించింది.

మళ్ళీ వచ్చినప్పుడు మైక్రోస్కోపు తెచ్చి మోటరు గది మెట్టు మీద పెట్టింది. కన్ను ఆనిస్తే మొదట నా రెప్పవెంట్రుకలే కనిపించాయి. తర్వాత పచ్చటి పూసల దండ. నడుమ నడుమ తెల్లబారిన పెద్ద పూస. ఆ పెద్ద పూస గాలిలో నుంచి సత్తువ పట్టి మిగతావాటికి పెడుతుందట, వరికి కూడా మేలట.

"పాసే గదమ్మా" అన్నాను.

"రెండు విధాలా పాసే" అంది.

లోకంలో దీనికి ఇంకా పేరు లేదేమోనని ఆమె అనుమానం. పెట్టేయమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. పాతదే ఎండకు వేషం మార్చిందేమో చూడాలట. ఎండాకాలంలో కాలువ ఎండి, పాచి మాడిన దోసె పెచ్చులా నల్లగా అయితే అదీ గీక్కుపోయింది. కాలేజీలో సీసాల్లో పెంచింది, పూసల లావు కొలిచింది, దాని మీది పొర రంగు చూసింది. ఎప్పుడడిగినా ఒకటే మాట: "ఇంకా నమ్మకం కుదరలేదు అయ్యా." నాకంటే అనుమానం మనిషి.

కొత్త జాతి అని రాయాలంటే దొరికిన చోటు కూడా రాయాలని ఒకరోజు చెప్పింది. ఊరు, చేను, కాలువ. నా చేను రాయొద్దన్నాను. కోపం తెచ్చుకోలేదు.

"చోటు లేని పేరును ఎవురూ నమ్మరు. రేపు ఇంకొకరు వచ్చి, నేను చెప్పింది నిజమా అని చూసుకోవాల గదా. అయినా మీరు సరే అన్నాకే రాస్తా" అంది. కాఫీ తాగి రైలుకు పోయింది.

ఆ తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళలో కాలేజీ సీసాల్లో పాచి పసుపెక్కి చచ్చిపోయింది.

కర్మ అయ్యాక సారు మా చేనికి వచ్చారు. చివరికి ఆమెకు నమ్మకం కుదిరిందట. వేరే జాతేనని అంతా రాసి పెట్టిందట. ప్రాణమున్న పాచి, దొరికిన చోటు, ఈ రెండే ఇంకా కావాలట.

"మీకు ఇష్టం లేదని తెలుసు అయ్యా. కడంబత్తూరు దగ్గర కాలవలో ఇట్లాంటిదే ఉంది. దాన్ని తీసుకొని ఆ ఊరే రాస్తాం. మీకు ఏ బాధా ఉండదు" అన్నారు.

నాకు కావలసింది అదే. కానీ మనసు ఒప్పలేదు.

"అది ఇదేనా సారూ?"

"చూస్తే అట్లే ఉంది."

"చూస్తే అట్లే ఉంటే ఆమె ఒప్పుకొనుండునా?"

"ఒప్పుకోదు" అన్నారు.

నేను కాలువలోకి దిగాను. "ఈడిదే తీసుకోండి. ఈ చేనే రాయండి" అని ఊరు, గట్టు, మోటరు ఏ దిక్కున ఉందో అంతా చెప్పాను. మా ఇంటిది నా మొహం చూసింది. రేపు ఎవరైనా కంచె వేయడానికి వస్తేనో అంది.

"వచ్చినోళ్ళను అడిగేదానికి నేనుండా గదా" అన్నాను.

సారును తిరుత్తణి స్టేషను దాకా సాగనంపాను. సీసా ఒరగనీయొద్దని రెండుసార్లు చెప్పాను. రైలు కిక్కిరిసి ఉంది, ఆయన తలుపు దగ్గరే నిలబడ్డారు. రైలు కదిలింది. సీసా సరిగ్గా పట్టుకుంటారో లేదోనని ప్లాట్‌ఫారం మీద కొంచెం దూరం వెంట నడిచాను. సంచి భుజం మీద నుంచి మోచేతికి జారింది. ఆయన దాన్ని సర్దుకోలేదు. రెండు చేతులూ సీసా మీదే ఉన్నాయి.