నాలుగు బోల్టులు, నాలుగు ఎర్ర దారాలు

మీ బండి హ్యాండిల్‌కు ఎర్రదారం ఒకటి కట్టి ఉంది కదా, అది ఎందుకు కట్టారో కట్టినవాళ్లను మీరు ఒక్కసారైనా అడిగారా?

అడిగి ఉండరు. నేనూ అడగలేదు. మీరు అడగకుండా ఉంచుకున్నారు, నేను అడగకుండా తెంపాను. ఇద్దరిలో నేనే తెలివైనవాణ్నని చాలాకాలం అనుకున్నాను. ధర్మవరం చెరువులో ఒక బోటు గిరగిరా తిరిగిన రోజున ఆ నమ్మకం పోయింది.

నేను పెనుకొండలో ఉంటాను. మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడటం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. నిమ్మకాయ, మిరపకాయ, గుమ్మడికాయ, దారం, తాయెత్తు ఎక్కడ కనిపించినా నా నాలుక ఊరుకోదు. ధర్మవరంలో నాతో బడిలో చదివిన మిత్రుడు ఒకడున్నాడు. పట్టుచీరలు నేసేవాడు. మగ్గం తాడు లాగీ లాగీ కుడిభుజం అరిగిపోయింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. ఇక మగ్గం ఎక్కొద్దని డాక్టర్ చెప్పాడు. అప్పుడే చెరువులో షికారు బోటు తిప్పడానికి ఒక కాంట్రాక్టర్ ముందుకొచ్చాడు. చిన్నప్పుడు చెరువులో తెప్ప నడిపిన అనుభవంతో మావాడు వెళ్లి అడిగాడు. పదిరోజులు నేర్పి చూశారు. నీళ్ల మీద వాడి చూపు బాగుంది, నిదానం బాగుంది. భుజం ఒక్కటే బాగాలేదు.

ఎక్కడో వాడి వదిలేసిన పాత బోటు అది. ఇంజిను బోటు లోపలే ఉంటుంది. దాని కాలు మాత్రం వెనకగోడలోంచి బయటికొచ్చి నీళ్లలోకి దిగుతుంది. ఫ్యాను ఆ కాలికే ఉంటుంది. కాలు ఎటు తిరిగితే బోటు అటు తిరుగుతుంది. స్టీరింగ్ నుంచి కాలి దాకా ఒక కేబుల్ ఉంది. అది తుప్పుపట్టి ఎంత బిగుసుకుపోయిందంటే, చక్రం తిప్పాలంటే సీట్లోంచి లేచి నిలబడాలి. మావాడు ఒక మలుపు తిప్పి, పళ్లు బిగబట్టి, భుజం పట్టుకుని కూర్చున్నాడు.

కాంట్రాక్టర్ అది చూశాడు. "ఇట్లయితే కష్టమప్పా. వచ్చే వారం శుక్రవారం ట్రయల్ పెడతా. బోటు నీ చేతికి లొంగితే డ్రైవర్ నువ్వే. లేదంటే ఇంకోణ్ని చూసుకుంటా" అన్నాడు.

మావాడు నాకు ఫోన్ చేశాడు. నాకు హిందూపురంలో ఒక మెకానిక్ తెలుసు. మా స్కూటర్ ఆయన చేతుల మీదుగానే ఇన్నేళ్లు బతికింది. ట్రాక్టర్లకు, లారీలకు పవర్ స్టీరింగ్ బిగించడంలో మడకశిర దాకా ఆయనకు పేరుంది. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను అన్నా అంటాడు. విషయం చెబితే నవ్వాడు.

"నీళ్లల్లో పోతే ఏమి, రోడ్డు మీద పోతే ఏమి. తిప్పేది ఆయిలే కదన్నా."

ఆయన ఆలోచన సులువైనది. తుప్పు కేబుల్ తీసేసి, బోటు వెనకగోడకు ఒక స్టీలు బ్రాకెట్ బిగించాలి. ఆ బ్రాకెట్‌కు ఆయిల్ సిలిండర్ ఒకటి పెట్టాలి. చక్రం తిప్పితే ఆయిల్ పోయి సిలిండర్‌ను తోస్తుంది, సిలిండర్ కాలిని తోస్తుంది. వేలితో తిప్పినా చాలు. కాంట్రాక్టర్ ఒప్పుకుని బోట్లకు వాడే సామాను తెప్పించాడు. అది హిందూపురం చేరితే భాయ్ ఒకసారి విప్పి చూసుకుని, తన రెంచీల సంచితోపాటు రైల్లో తెచ్చాడు. పెనుకొండలో నేనెక్కాను. సిలిండర్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ధర్మవరం దాకా కూర్చున్నాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ చాలాసేపు చూసి, "ఏం బోరు మోటరా నాయనా?" అని అడిగింది. బోటు స్టీరింగ్ అని చెప్పాను. ఆమె నమ్మలేదు. మా సీమలో ఆమెది సరైన అనుమానమే.

బుధవారం పని మొదలైంది. బ్రాకెట్‌కు నాలుగు బోల్టులు. అవి వెనకగోడను తొలుచుకుని లోపలికి వస్తాయి. నీళ్లు కారకుండా ప్రతి రంధ్రంలో గమ్ పూయాలి. మొదటిరోజు సగమే బిగించాలి, గమ్ గట్టిపడ్డాక, ట్రయల్‌కు ముందు, రెండోసారి పూర్తిగా బిగించాలి. మొదటిరోజే మొత్తం బిగిస్తే గమ్ అంతా బయటికి కక్కేస్తుంది. భాయ్ బయట, మావాడు లోపల ఇంజిను సందులో పడుకుని నట్లు పట్టుకోవడం. ఆ చీకటి సందులోకి దూరి, మంచి చెయ్యి చాపి, కనబడని నట్టును తడిమి పట్టుకోవడం వాడికి ఎలా కుదిరిందో నాకు ఆశ్చర్యం. "పోగు పట్టుకున్నోళ్లకు ఇదెంత" అన్నాడు వాడు లోపల్నుంచే.

అంతవరకు చూసి నేను పెనుకొండ వచ్చేశాను. ఆ తరువాత జరిగినది నాకు తెలియదు. అసలు సంగతంతా అదే.

మరుసటిరోజు సాయంత్రం, ఎలా ఉందో చూద్దామని ఒక్కణ్నే చెరువు కట్ట మీదికి వెళ్లాను. బోటు గట్టున, దాన్ని మోసే చక్రాల బండి మీదే ఉంది. ఎవరూ లేరు. ముందుభాగాన పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. కింద కొబ్బరిచిప్పలు. కాంట్రాక్టర్ పని అని తెలిసిపోయింది. ఇంజిను మూత ఎత్తి చూశాను. నాలుగు నట్లకు నాలుగు ఎర్ర పట్టుదారాలు, ఒక్కొక్కదానికి చక్కటి ముడి.

నా ఒళ్లు మండింది. ఆయిల్ ఒత్తిడితో నడిచే యంత్రానికి దారం కట్టే బుద్ధి. తాళాల గుత్తికి ఉన్న చిన్నకత్తి తీసి నాలుగూ తెంపాను. పారేయలేదు, జేబులో పెట్టుకున్నాను. ట్రయల్ బాగా జరిగాక కాంట్రాక్టర్ ముఖం ముందు పెట్టి, "దారాల్లేకుండానే తిరిగింది, చూసినావా" అనాలని నా కోరిక. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

శుక్రవారం పొద్దున రైల్లో భాయ్ కలిశాడు.

"నిన్న బోటు కాడికి పోయింటివా అన్నా?"

"పోయినా. అంతా శుభ్రం చేసి వచ్చినా."

"మంచిపని" అన్నాడు భాయ్, నేను నూనె మరకలు తుడిచానని అనుకుని.

కట్ట దగ్గర కాంట్రాక్టర్ అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. మావాడు ఉతికిన చొక్కా వేసుకుని, లైఫ్ జాకెట్ బిగించుకుని నిలబడ్డాడు. భాయ్ మూత ఎత్తి లోపలికి ఒక చూపు చూశాడు, తృప్తిగా మూసేశాడు. బోటు నీళ్లలోకి దిగింది. కాంట్రాక్టర్ మావాడి పక్కన కూర్చున్నాడు. మావాడి భార్య కట్ట మీద నా పక్కనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

మొదట అద్భుతంగా పోయింది. మావాడు ఎడంచేత్తో చక్రం తిప్పితే బోటు వంగి తిరిగింది. ఆమె కొంగు దించింది. మధ్యలోకి పోయాక వేగం పెంచి గట్టి మలుపు తీసుకున్నాడు. తీసుకున్న మలుపు ఆగలేదు. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టుకు కాంట్రాక్టర్ రెండు చేతులతో అంచు పట్టుకోవడం ఇక్కడికి కనిపించింది.

"చాలా బాగా తిప్పుతాండాడు కదన్నా" అంది ఆమె అనుమానంగా.

మావాడు తొణకలేదు. ఇంజిను ఆపాడు. సీటు కింద తెడ్డు తీసి, ఎడంచేత్తో తోసుకుంటూ నిదానంగా గట్టుకు తెచ్చాడు. కాంట్రాక్టర్ పాదాల దగ్గర చారెడు నీళ్లున్నాయి. దిగుతూనే అన్నాడు:

"మగ్గం ముందర కూర్చునేటోనికి బోటిస్తే ఇంతే. ఇంగొద్దప్పా."

భాయ్ మూత తెరిచాడు. లోపల నట్లు వదులయ్యాయి, వెనకగోడ మీద బ్రాకెట్ ఒక పక్కకు జరిగి ఉంది. సిలిండర్ తోస్తే కాలు తిరగాల్సింది పోయి బ్రాకెట్టే కదిలింది. కాలు ఒకవైపే ఉండిపోయింది.

"ఏమప్పా, రెండోసారి బిగించలేదా నువ్వు?" అన్నాడు భాయ్.

"నేనేంటికి బిగిస్తా? పొద్దున వచ్చి చూస్తే దారాల్లేవు. నువ్వే మొదటి రైలుకొచ్చి బిగిచ్చి, టీకి పోయినావనుకుంటి."

"నేను చూస్తే దారాల్లేవు. నువ్వు బిగిచ్చినావనుకుంటి."

ఏం దారాలు అని కాంట్రాక్టర్ అడిగాడు. మావాడు చెప్పాడు. నేత నేసేటప్పుడు పోగు తెగితే, తరువాత సరిచేయడానికి గుర్తుగా వాళ్లింట్లో అక్కడ రంగుదారం ముడి వేస్తారు. సరిచేసినవాళ్లే ముడి తీసేయాలి. బుధవారం సగం బిగించిన నట్లకు వాడు అదే చేశాడు. ఇంట్లో మిగిలిన ఎర్రపట్టు తుంపులు తెచ్చి కట్టాడు. ఎవరు పూర్తిగా బిగిస్తే వాళ్లు దారం తీయాలని ఇద్దరూ మాట అనుకున్నారు. దారం ఉంటే పని మిగిలినట్టు. దారం లేకపోతే పని అయినట్టు.

నా చెయ్యి జేబులో ఉంది. దారాలు వేళ్లకు తగులుతున్నాయి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాంట్రాక్టర్ బోటు తాళంచెవి కోసం మావాడి వైపు చెయ్యి చాపాడు. వాడు జేబులోంచి తాళంచెవి తీయబోతున్నాడు, ఆ భుజంతో జేబు దాకా చెయ్యి పోవడమే కష్టంగా ఉంది.

నాలుగు దారాలూ తీసి బోటు అంచు మీద పెట్టాను. "నేను తెంపినా" అన్నాను.

కాంట్రాక్టర్ ఒక దారం తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సభల్లో మాట్లాడేది నువ్వే కదప్పా? చూస్తివా, దారం తెంపితే ఏమైందో?"

జీవితంలో నేను గెలవలేని వాదం అది ఒక్కటే. దారం తెంపడం వల్లనే బోటు తిరిగింది, నిజమే. అయినా దారం వల్ల కాదు. గుర్తు పోయింది, అందువల్ల పని ఆగింది, అందువల్ల నట్టు వదులైంది. ఇది విడమరచి చెబుతుంటే నా గొంతు నాకే సాకులా వినిపించింది.

భాయ్ రక్షించాడు. రెంచీ తీసి మొదటి నట్టు మీద పెట్టి కాంట్రాక్టర్ చేతికిచ్చాడు. "తిప్పు సార్." నట్టు చక్రంలా తిరిగింది. "ఇది మంత్రం గాదు సార్, బిగించని నట్టు. డ్రైవర్ తప్పు గాదు. ఇంజిను ఆపి, ఒంటిచేత్తో మిమ్మల్ని గట్టుకు తెచ్చినాడు. ఆ మాత్రం ఎవరు తెస్తారు?"

కాంట్రాక్టర్ తడిసిన చెప్పుల వైపు చూసుకున్నాడు, బోటు వైపు చూశాడు. "ఆదివారం ఇంగొక్కసారి" అన్నాడు.

పాత గమ్ గీకి, కొత్తది పూసి, మళ్లీ సగం బిగించారు. మావాడి భార్య కొత్త దారాలు తెచ్చి వాడికిచ్చి, నా వైపు తిరిగింది. "అన్నా, కత్తి ఇంట్లో పెట్టి రా ఈసారి." నేను తలవంచుకున్నాను. మరుసటిరోజు ఒక్కో నట్టు బిగించి, వాడే ఒక్కో దారం తీశాడు. పక్కన నిలబడి లెక్కపెట్టింది నేను.

ఆదివారం వాడు నీళ్ల మీద ఇటొక సున్నా అటొక సున్నా చుట్టి, ఎడంచేతి రెండు వేళ్లతో బోటును గట్టుకు ఆనించాడు. తాళంచెవి వాడి జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు రోజూ నడుపుతున్నాడు.

కాంట్రాక్టర్ మాత్రం ఆ సాయంత్రమే బోటు ముక్కుకు ఒక నిమ్మకాయ వేలాడదీశాడు. నా చెయ్యి జేబులోకి పోయింది, ఆగింది. "ఇదేంటికి కడతాండావు?" అని అడిగాను. ఆయన నిమ్మకాయను ఒకసారి తిప్పి చూశాడు. "అందరూ కడతారు కదా" అన్నాడు. మరుసటి వారం మళ్లీ అడిగాను. ఆ మరుసటి వారం అడగబోతే, నన్ను చూసి ఆయనే విప్పేశాడు. నమ్మకం పోయి కాదు, నా పోరు పడలేక. నాకు అది చాలదు, కానీ ఆరంభానికి పనికొస్తుంది.

ఇక మీ వంతు. చదవడం ఆపి లేవండి. మీ బండి దగ్గరికి, మీ దుకాణం గుమ్మం దగ్గరికి పోయి అక్కడ కట్టి ఉన్నదాన్ని చేత్తో పట్టుకోండి. కట్టిన మనిషిని పిలిచి, ఎందుకు కట్టావని ఎదురుగా అడగండి. పనికొచ్చే జవాబు వస్తే ఉంచండి, మీరూ నేర్చుకోండి. రాకపోతే ఆ మనిషి చేతనే విప్పించండి. అడగకుండా ఉంచొద్దు. అడగకుండా తెంపొద్దు. ఇవాళే అడగండి.