సాలెం నోట బ్యాంకు దొంగ మాటలు

2022 చలికాలం. దమ్మామ్‌లో ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట పలికించడం మా పని. మాది ఒంగోలు. ఎన్నాళ్లుగానో అక్కడున్నా నా అరబ్బీ బజారు అవసరాలకు సరిపోయేంతే. అందుకని ఇంగ్లిషు వచ్చిన రోగులనే నాకు అప్పగించేవారు. సాలెం గారి కేసు నా చేతికి రావడానికి కూడా అదే కారణం. ఎనభై దాటిన ఆ పెద్దాయన పుట్టి పెరిగింది అరబ్బీలో. పక్షవాతం వచ్చాక మాత్రం, ఎవరితో మాట్లాడబోయినా ఆయన నోట అరబ్బీ మాట ఒక్కటీ రావడం లేదు. వచ్చేవన్నీ ఇంగ్లిషు ముక్కలు. అవీ బెదిరింపులు.

చేతులు పైకెత్తు అనేవారు. కదిలితే కాల్చేస్తాను అనేవారు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ అవన్నీ ఆయన ఇంగ్లిషులోనే అనేవారు.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు తలుపు తీసింది ఓబులమ్మ. రాయచోటి దగ్గరి మనిషి, ఆ ఇంట్లో వంటా పనీ చూసేది. నేను తెలుగుదాన్నని తెలియగానే నన్ను గుమ్మంలోనే ఆపి తన భయమంతా చెప్పుకుంది.

"బాబా శానా మంచాయప్ప మా. ఎన్నడూ నన్ను ఒక మాట అనింది లేదు. ఇప్పుడు టీ ఎత్తుకోని పోతే చాలు, చేతులు పైకెత్తమంటాడు. ఏం గాలి సోకిందో ఏమో. నేను ఇంటికి పోతానని చెప్పేద్దామనుకుంటాండా."

లోపల ఆయన కొడుకు ఖాలిద్, కూతురు నూరా ఉన్నారు. ఖాలిద్‌కు ఓడరేవులో ఉద్యోగం. నూరా బడిలో టీచరు. జరిగింది ఖాలిద్ చెప్పాడు. తండ్రిని పలకరించడానికి బంధువులు వస్తే, మజ్లిస్‌లో అందరి ముందూ వాళ్లలో పెద్దాయన్ను పట్టుకుని కాల్చేస్తానన్నారట. అతిథులు కూర్చునే ఆ గదికి ఆ రోజు నుంచి తాళం. తండ్రికి మతి చలించిందనే ఖాలిద్ నమ్మకం. మానసిక రోగుల ఆసుపత్రిలో ఉంచడానికి మాట్లాడుతున్నాడు కూడా. అన్నిటికన్నా అతన్ని బాధపెట్టిన విషయం వేరే ఉంది.

"నమాజులో ఒక్క అక్షరం తప్పు పోవడం లేదు. నా పేరు మాత్రం ఆయన నోటికి రావడం లేదు," అన్నాడు.

ఇది మా వృత్తిలో తరచూ వినే ఫిర్యాదే. మెదడుకు ఎడమవైపు దెబ్బ తగిలితే మాటలను వెతికి తెచ్చుకునే శక్తి పోతుంది. దాన్ని అఫేజియా అంటాం. మతి పోదు, మాట పోతుంది. అయితే చిన్నప్పటి నుంచీ వందలసార్లు వల్లించినవి, ప్రార్థనలు, అంకెలు, తిట్లు లాంటివి, వెతక్కుండానే వాటంతటవే వచ్చేస్తాయి. ఇవి ఆటోమేటిక్ స్పీచ్. తండ్రి కావాలని నీ పేరు మానేయలేదని ఖాలిద్‌కు చెప్పాను. విన్నాడు గానీ నమ్మినట్టు కనిపించలేదు.

నా మనసులో మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ప్రార్థన అంటే సరే. ఈ బెదిరింపులను ఆయన ఎక్కడ వల్లించినట్టు? ఎన్నిసార్లు విన్నా ఆ మాటల్లో ఎత్తుపల్లాలు మారేవి కావు. ఎక్కడ ఆగాలో అక్కడే ఆగేవారు. యాస కూడా ఆయనది కాదు, ఎవరో అమెరికావాడిది. నాన్నగారు చిన్నప్పుడు ఇంగ్లిషు ఎక్కడ నేర్చుకున్నారని నూరాను అడిగాను. ఆమెకు తెలియదు. తండ్రి పాత స్నేహితుడు ఒకాయనకు ఫోన్ చేసి, ఆ మాటలు చెప్పింది. అవతల ఆయన పెద్దగా నవ్వాడట.

అది సినిమా. కుర్రతనంలో వాళ్లిద్దరూ ఒక చమురు కంపెనీ క్యాంపులో పనిచేశారు. అక్కడ అమెరికన్ల కోసం ఒక హాలు ఉండేది. సాలెం ప్రొజెక్టర్ గదిలో రీళ్లు ఎక్కించేవారు. కొత్త పెట్టెలు రాని వారమల్లా ఉన్న సినిమానే మళ్లీ వేసేవారు. అలా అరిగిపోయినదొకటి, పేరుమోసిన ఒక బ్యాంకు దొంగ కథ. ఇంగ్లిషు ఒక్క ముక్క రాని రోజుల్లో సాలెం ఆ సినిమా మొత్తం కంఠస్థం చేశారని స్నేహితుడు చెప్పాడు.

నూరా దాన్ని ఇంటర్నెట్‌లో వెతికి పట్టింది. నేను అడిగితే ఖాలిద్ మజ్లిస్ తాళం తీశాడు. ఒక మధ్యాహ్నం అక్కడ టీవీలో వేశాం. ఖాలిద్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఓబులమ్మ గుమ్మం దగ్గర కింద కూర్చుంది.

నలుపు తెలుపు బొమ్మ. చేతిలో డబ్బు లేకుండా తీశారని చూస్తూనే తెలిసిపోతుంది. దోచిన బ్యాంకులన్నీ ఒక్కటే గది, కర్టెన్లు మార్చారంతే. ఊరు కట్టే స్తోమత లేక వీధుల నిండా పొగమంచు నింపారు. అయినా దొంగగా వేసినవాడి కళ్లల్లో ఏదో ఉంది, చూపు తిప్పుకోలేం. సాలెం గారు ముందుకు వంగి, అతని కన్నా ఒక క్షణం ముందే అతని మాటలు అనడం మొదలుపెట్టారు.

మొదటి బ్యాంకు దృశ్యంలో గుమాస్తా పిల్ల వణికిపోతూ ఉంటుంది. దొంగ ఆమెతో, "చేతులు పైకెత్తు చెల్లీ. భయపడకు, నిన్నెవరూ ఏమీ చేయరు," అంటాడు. సాలెం గారు ఆ మాట అంటూ ఓబులమ్మ వైపు తిరిగారు. నేను ఆమెకు తెలుగులో చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ ఆయన నోటికి ఆ మాటలో మొదటి సగమే వచ్చేది.

సగం సినిమా అయ్యాక, లొంగిపొమ్మని స్నేహితులు చెబుతుంటే దొంగ అంటాడు: "ఆ గోడల మధ్యకి నేను మళ్లీ పోను." అది విని ఖాలిద్ గోడ దగ్గర నుంచి కదిలాడు. రిమోట్ తీసుకుని బొమ్మ ఆపాడు.

"ఆసుపత్రి మాట ఎత్తినప్పుడల్లా నాన్న నాతో అనేది ఇదే," అన్నాడు. "అర్థం లేని మాట అనుకున్నాను."

ఆయన అన్న ప్రతి ముక్కా అర్థం తెలిసే అన్నారని నేను చెప్పను. బంధువులను కాల్చేస్తాననడంలో ఏ అర్థమూ లేకపోవచ్చు. కానీ సొంత మాటలు దొరకని మనిషి తన దగ్గర మిగిలిన మాటల్లోంచే కొన్నిసార్లు ఏరుకున్నారన్నది నిజం. ఖాలిద్ వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపటికి మిగతా సినిమా కూడా వేశాడు. ఆసుపత్రి ప్రస్తావన ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.

ఆ సినిమానే మాకు వాచకమైంది. వచ్చిన వాక్యాన్ని పట్టుకుని అందులో ఒక్కొక్క మాటే మార్చుకుంటూ పోవడం ఒక పద్ధతి. డబ్బు సంచిలో పెట్టు అన్న డైలాగును నీళ్లు గ్లాసులో పొయ్యి అనేదాకా తెచ్చాం. అది కుదిరాక ఒక అరబ్బీ థెరపిస్టు కూడా మాతో కలిసి అదే వాక్యాన్ని అరబ్బీలోకి తెచ్చే ప్రయత్నం చేశాడు. అక్కడ మాత్రం బండి కదల్లేదు. సాలెం గారు పెదాలు కదిపి, మాట రాక, మొహం గోడవైపు తిప్పుకునేవారు. ఆ రోజుల్లో ఓబులమ్మే ఆయన్ను బుజ్జగించి మళ్లీ కూర్చోబెట్టేది. ఊరికి పోతానన్న మాట ఆమె నోట మళ్లీ వినలేదు.

ఎండలు ముదిరాక ఒకసారి మళ్లీ ఆ సినిమా అడిగారు, టీవీ వైపు చెయ్యి చూపించి. ఈసారి ఖాలిద్ పిల్లలు కూడా వచ్చి చుట్టూ కూర్చున్నారు. చివర్లో దొంగ తూటాలు తగిలి వీధిలో పడిపోతాడు. అక్కడ అతనికి మాటలేమీ రాయలేదు. పొగమంచు, చుట్టూ జనం కాళ్లు, అంతే. వల్లించడానికి ఏమీ లేని ఆ చోట, మొదటిసారి చూసినప్పుడు సాలెం గారు ఊరుకున్నారు. ఈసారి తెర వైపు వేలు చూపించి మెల్లగా అన్నారు.

"మిస్కీన్."

పాపం అని. ఆ సినిమాలో ఎక్కడా లేని మాట. ఆయన సొంత మాట, సొంత భాషలో. నూరా ఏడ్చేసింది. గుమ్మం దగ్గర నుంచి ఓబులమ్మ నాకేసి చూసి, "పాపమంటాండాడు మా," అంది, నాకు తెలియదేమోనని.

ఆ తరువాత కూడా సాలెం గారికి మాట పూర్తిగా రాలేదు. నీళ్లు, చాలు, రా, కూతురి పేరు, కొడుకు పేరు, ఇంకొన్ని వచ్చాయి. వాటితోనే ఆయన మజ్లిస్‌లో మళ్లీ అతిథుల మధ్య కూర్చున్నారు. నాకు మాత్రం ఆ కేసు నా ప్రశ్నను మార్చేసింది. అంతకు ముందు రోగి ఇంటివాళ్లను ఏమేమి పలకలేకపోతున్నాడని అడిగేదాన్ని. ఇప్పుడు, వయసులో ఉన్నప్పుడు ఈ మనిషి నోట ఎప్పుడూ ఏ మాటలు ఆడేవని అడుగుతున్నాను.

ఆ మధ్య జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీని పక్షవాతంతో చేర్చారు. మనిషి మూగగా పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఊళ్లో ఉన్న భార్యతో ఫోన్‌లో మాట్లాడాను. సౌదీకి రాకముందు జీపు వెనక నిలబడి, ఎక్కేవాళ్ల కోసం ఊళ్ల పేర్లు కేకలేసేవాడని ఆమె చెప్పింది. నేను మంచం పక్కన కూర్చుని జగిత్యాల, కోరుట్ల అన్నాను. అతను నా వైపు తల తిప్పాడు. మూడో ఊరి పేరు అతనే చెప్పాడు.