మా తాత కాల్చేసిన పాము

మా తాత ఉప్పలయ్య యూనివర్సిటీలో పాముల సీసాలు తుడిచే అటెండర్. చదువులో నాకన్నా వెనకే. నేను ఏడో తరగతిలో ఆగాను, ఆయన బడి గుమ్మం దగ్గరే ఆగాడు. అయినా పాము ఒంటి మీది పొలుసుల వరుసలు లెక్కపెట్టడంలో ఎన్నడూ తప్పలేదు. అక్కడ జంతుశాస్త్రం చెప్పే అచ్యుతరామయ్య సార్ ఆ లెక్కను పుస్తకాలతో పోల్చి చీటీ మీద పేరు రాస్తే, తాత దాన్ని సీసాకు కట్టేవాడు. ఎక్కడో చచ్చిపడినవే ఏరి తెచ్చేవాడు గానీ, ఒక్కదాన్నీ చంపి ఎరగడు.

అరవై ఎనిమిది వానకాలంలో హాస్టళ్ల వెనక బండ కింద సన్నటి పాము దొరికింది. సార్ పుస్తకాల్లో ఎక్కడా లేదు. సార్ చెప్పాడని, తాత మొదటిసారి తన చేత్తో బతికున్నదాన్ని స్పిరిట్‌లో ముంచాడు.

"ఇది కొత్త జాతని కలకత్తా జంతు సర్వే ఆఫీసు వాళ్లు ఒప్పుకుంటే నీ పేరే పెడతాను, ఉప్పలయ్యా. ఉన్నదిదొక్కటే, జాగ్రత్త," అన్నాడు సార్.

తాత ఎగురుకుంటూ తార్నాక ఇంటికొచ్చాడు. అప్పుడు మా అమ్మ పురిటికని పుట్టింట్లోనే ఉంది. అంతకుముందు ఇద్దరు పుట్టగానే పోయారు.

"నీ చేతులతోటి సంపినవా?" అంది అమ్మమ్మ సమ్మక్క.

"సంపలే. సీసల పెట్టిన."

"సీసల ఈత కొడ్తదా? దహనం జేయని పురుగు ఉసురు ఎవలకు తగుల్తది? బిడ్డ కడుపుతోటి ఉన్నది."

"సార్ దానికి నా పేరు పెడ్తా అన్నడే."

"పెట్టుకో. గా పురుగు నిన్ను తాతా అని పిలుస్తదా?"

మర్నాడు తాత సీసా మూత తీశాడు. అదే బండ దగ్గర పిడకలు పేర్చి, పాలు చిలకరించి, మొక్కి, పామును దహనం చేశాడు. స్పిరిట్ తాగిన పాము కదా, నెయ్యి పోయకముందే భగ్గుమందట.

సార్ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనేవాడు తాత. ఖాళీ సీసా తాత చేతికే ఇచ్చి, "ఇంకొకటి దొరక్కపోతే నేను రాసిందంతా కట్టుకథే అంటారు," అన్నాడు సార్.

కార్తీకంలో నేను పుట్టాను, బతికాను. పాముకు మొక్కాక పుట్టిన పిల్లవాడికి పాము పేరే పెట్టడం మావాళ్ల ఆనవాయితీ. అలా నాగయ్యనయ్యాను.

ఆపైన ప్రతి వానకాలం తాత నన్ను వెంటేసుకుని ఆ బండలన్నీ ఎత్తి చూసేవాడు. తేళ్లు దొరికేవి, జెర్రులు దొరికేవి.

"నన్నొదిలి పామునే ఉంచుకుంటే అయిపోతుండె గదా, తాతా!"

"సప్పుడు జెయ్యకు. బండ వట్టు."

ఆ పాము గురించి రాసిన కాయితాలు అచ్చు కాకుండానే సార్ రిటైరై వెళ్లిపోయాడు. బండలు పగలగొట్టి అక్కడ కొత్త హాస్టల్ కట్టారు. తాత పోయాక ఆయన ట్రంకు పెట్టెలో ఆ ఖాళీ సీసా దొరికింది. చీటీ ఇంకా కట్టే ఉంది. తేదీ, చోటు సార్ రాసినవే. పేరు రాయవలసిన గీత మాత్రం ఖాళీ.

తాత పేరు రాసేంత చదువు నాకుంది. రాయలేదు.