ఓడ కూతకు శ్రుతి

మా అక్క వదిలేసిన మొగుడు రాక్ బ్యాండులో గిటార్ వాయించేవాడు. పోర్టులో ఓడ కూయగానే వేలెత్తి అందరి నోళ్ళూ మూయించి, ఆ కూతకే తీగలు సవరించుకునేవాడు. "మనూరి సుతి ఇదే బావా" అనేవాడు నాతో. రికార్డు చేసిన పాటలోనూ ఆ కూతను అలాగే ఉంచాడు.

తాగేవాడు. నోరు తెరిస్తే అబద్ధం. అక్క ఆసుపత్రిలో నొప్పులు పడుతుంటే మద్దిలపాలెంలో కచేరీ చేశాడు. అవేవీ నేను క్షమించను. అలాగని అతని పాట బాగులేదని చెప్పమంటే మాత్రం చెప్పను, ఎవరేమనుకున్నా సరే.

మొన్న ఆదివారం ఇంట్లో ఆ పాట పెట్టాను.

"ఆడి పాట మనింట్లో ఏటిరా, ఆపీ" అంది అమ్మ.

నేను సౌండు పెంచాను. వంటింట్లోంచి అక్క వచ్చింది. ఆపేస్తుందనుకున్నాను. అచ్చం అతనిలాగే వేలెత్తింది.

"ఉండమ్మా, ఇప్పుడు ఓడ కూత్తాది."