బూజుకర్రతో కారు కొలిచిన డ్రైవర్ సాబ్

పోయిన గురువారం పొద్దున్నే మా ఓనరుగారి భార్య మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది. ఏ పనున్నా కింద నుంచే కేకేసే మనిషి. "సాబ్ పోయిండు బిడ్డా. జర నీళ్ళ మోటరు బంద్ చెయ్యి, ట్యాంకు నిండింది" అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. నేను ముందు మోటరు ఆపేసి వచ్చాను. ఆ తర్వాత వాళ్ళ గడపలో కూలబడి ఏడ్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇంటి పై వాటాలో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాం. మాది తెనాలి దగ్గర, ఆయనది నల్గొండ జిల్లాలో ఓ పల్లె. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన డ్రైవర్ సాబ్. నేను మాత్రం బాబాయిగారూ అనేదాన్ని. "మా దిక్కు బాబాయ్ అనరు, కాక అంటరు" అని వచ్చిన మొదటి రోజే చెప్పారు. నేను మార్చుకోలేదు, ఆయనా మళ్ళీ చెప్పలేదు. మొండితనంలో ఇద్దరికిద్దరం సరిపోయాం.

తెలంగాణ రావాలన్నది ఆయన పట్టుదల. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షల టెంటు వేసినప్పుడల్లా టిఫినుబాక్సు పట్టుకుని డ్యూటీకి వెళ్ళినట్టే వెళ్ళేవారు. సాయంత్రం తిరిగొచ్చి మా ట్యాంకులో నీళ్ళున్నాయో లేవో చూసేవారు. "అలాంటాయన ఇంట్లో ఎలా ఉంటున్నారే?" అని మా వాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. "మెట్లెక్కి పైన ఉంటున్నాం" అని చెప్పి పెట్టేసేదాన్ని.

మావారి కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన రోజులూ ఉద్యమం ఊపందుకున్న రోజులూ ఒక్కటే. ఎల్బీనగర్ దాటాక ఉన్న ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కటి తప్పితే ఒళ్ళంతా నీరు చేరేది, పడుకుంటే ఊపిరాడేది కాదు. మామూలు రోజుల్లో ఆటోలో వెళ్ళేవాళ్ళం. బంద్ రోజు ఆటోలుండవు. ఓ బంద్ రోజు మావారిని స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా నా చున్నీతో నా నడుముకి కట్టుకుని తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు ఆయనకి కళ్ళు తిరిగాయి, ఇద్దరం పడ్డాం. పెద్ద దెబ్బలేం కాదు. కానీ ఆ సాయంత్రమే, కారు కొంటాను, నేనే నడుపుతాను అని తేల్చి చెప్పేశాను. అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు, స్టీరింగు ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

సలహాలకేం కొదవ? చవగ్గా నడుస్తుంది, డీజిలు కారు తీసుకోమని మా తమ్ముడు. గ్యాసు కిట్టు పెట్టించుకోమని కోచింగ్ సెంటర్లో నాతోపాటు లెక్కలు చెప్పే మాస్టారు. ఎవరు నోరు తెరిచినా మైలేజీయే. ఈ గోలంతా కిందికి వినపడినట్టుంది, బాబాయిగారు పైకొచ్చారు.

"ఏం కారు గావాలె?"

"చిన్నది. ఎక్కువ పెట్రోలు తాగనిది."

"ఎవరు కూసునేటందుకు?"

"మావారు."

"మరి ఆయన్ని అడిగినవా?"

అడగలేదు. డయాలసిస్ నుంచి వచ్చి వేలాడిపోతున్న మనిషిని ఏమని అడగను? బాబాయిగారికి సరిగ్గా ఆ వేలాడిపోయే మనిషే కావాల్సి వచ్చాడు. మర్నాడు మేం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి గుమ్మంలో కాచుకుని ఉన్నారు. మావారిని పీట మీద కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నారు. లేవలేకపోయారు. పీట మీద దిండు వేశారు, దిండు మీద నా లెక్కల పుస్తకాలు పేర్చారు. ఒక్కో పుస్తకం పెంచుకుంటూ పోతే ఒకచోట మావారు ఎవరి ఆసరా లేకుండా లేచి నిలబడ్డారు. "ఆగు. బూజుకర్ర ఉన్నదా?" అన్నారు బాబాయిగారు. నేల నుంచి ఆ ఎత్తుకి కొలిచి నా బూజుకర్రని కోసి పారేశారు.

"కొత్తది బాబాయిగారూ" అన్నాను.

"బూజు యాడికి పోతది, గోడకే ఉంటది. మైలేజి సంగతి తర్వాత. ముందుగాల మనిషి దిగాలె, ఎక్కాలె" అన్నారు.

మరుసటి వారం నన్ను బస్సెక్కించి, చేతిలో గుప్పెడు చింతగింజలు పోశారు. బస్సు బ్రేకు కొట్టినప్పుడల్లా ఒక గింజ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాలి. పక్కన నిలబడ్డావిడ నన్ను అనుమానంగా చూస్తూనే ఉంది. మా ఇంటి నుంచి ఆసుపత్రికి పట్టుమని ఆరు కిలోమీటర్లుండదు, గుప్పెడు గింజలూ అటు మారిపోయి మళ్ళీ ఇటు రావడం మొదలెట్టాయి. దిగాక చెప్పారు: "కంపెనీ చెప్పే మైలేజి ఖాళీ రోడ్డుది. నీ తొవ్వ గిది. డీజిలు బండి రోజూ ఊర్లు దాటేటోనికి అక్కెరకొస్తది, గీ ఆరు కిలోమీటర్లకు దాని ధర ఎన్నడు తిరిగొస్తది? నీకు చిన్న ఇంజను పెట్రోలు బండి చాలు. క్లచ్చి మెత్తగుండాలె, లేకుంటె నీ మోకాలు పోతది."

అక్కడి నుంచి రెండు ఆదివారాలు నాగోలు వైపు పాత కార్లమ్మే చోట్లన్నీ తిరిగాం. ఏ కారు దగ్గరికి వెళ్ళినా ఆయన బానెట్ ఎత్తేవారు కాదు. వెనక తలుపు తీసి, కర్ర నేలకానించి, సీటు ఎత్తు చూసేవారు. ఒకచోట అమ్మేవాడు నా చెవిలో "సార్ వాస్తు చూస్తరా మేడం?" అని అడిగాడు. నేను నవ్వాపుకునేలోపే ఆయన దగ్గరికెళ్ళి, "మొదటి సంది గీ బండిని ఈశాన్యం మొఖం పెట్టే ఆపినం సార్" అని విన్నవించుకున్నాడు. బాబాయిగారు కర్ర తీసి చంకలో పెట్టుకుని, "ఈశాన్యం మంచిగనే ఉన్నది, సీటే పాతాళంల ఉన్నది" అన్నారు. ఇంటికొచ్చేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ ఏడాది నేను నవ్విన రోజులు బహు తక్కువ.

రెండో ఆదివారం సాయంత్రం దొరికింది, తెల్లరంగు చిన్న పెట్రోలు కారు. సీటు సరిగ్గా కర్ర ఎత్తున ఉంది. మావారిని పిలిపిస్తే కూర్చున్నారు, లేచారు, "ఇది చాలు" అన్నారు. ఒక్కటే చిక్కు. అది గుంటూరు బండి, ఏపీ సెవెన్ నెంబరు. "ఈ రోజుల్లో ఆ నెంబరేసుకుని ఎల్బీనగర్ చౌరస్తా దాటతావా అక్కా?" అన్నాడు తమ్ముడు. ఆ ఎత్తు సీటు ఇంకోటి వెతికి పెట్టమన్నాను. దాన్నే కొనేశాను.

నాదర్‌గుల్ వైపు ఖాళీ రోడ్ల మీద డ్రైవింగ్ నేర్పారు. నెత్తి మీద శిక్షణ విమానాలు చక్కర్లు కొడుతుండేవి. "గాడు గూడ నేర్చుకునేటోడే. గానికి గాల్లో బండి బంద్ పడితే ఎట్ల? నీకేమున్నది, పక్కకు ఆపుకుంటవ్" అని ధైర్యం చెప్పేవారు. రెండు నెలల్లో కొత్తపేట మామిడికాయల లారీల మధ్య నుంచి బండి తీయగలిగాను. తలప్రాణం తోకకొచ్చిందనుకోండి, అయినా తీశాను.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఆ రోజుల్లో ఎంతోమంది నెంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ అని పెట్టుకున్నారు. బాబాయిగారి స్కూటరు మీదా టీజీయే. పెద్ద సమ్మె మొదలవుతుందనగా నేనూ రోడ్డు పక్కన ఓ స్టిక్కరు కొని, నా బండి ఏపీ మీద టీజీ అతికించేశాను. సెవెన్ అలాగే ఉంది.

బాబాయిగారు చూసి ముందు పగలబడి నవ్వారు. "గుంటూరు గూడ మాకే ఇచ్చినవా బిడ్డా?" అన్నారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. "నమ్మి పెట్టినవా?" అని అడిగారు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "భయపడి పెట్టాను."

"ఎవరికి? నాకా?"

ఆయన లోపలికెళ్ళి సీసాలో కిరసనాయిలు తెచ్చి నా ముందు పెట్టారు. "మేం అడుగుతున్నది నువ్వు భయపడాలని కాదు. నీకెన్నడన్న నమ్మకం కుదిరితే అప్పుడు పెట్టుకో. నువ్వే పెట్టినవ్, నువ్వే తియ్యి" అన్నారు. గోళ్ళతో గీరుతూ కూర్చున్నాను. స్టిక్కరంతా ఊడేదాకా పక్కనే నిలబడ్డారు, చెయ్యి మాత్రం వెయ్యలేదు. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

సమ్మెలో ఒకరోజు రాస్తారోకో అన్నారు. సరిగ్గా ఆ రోజే డయాలసిస్. ముందు రోజు సాయంత్రం కిందికెళ్ళి, "రేపు మీరు నా పక్కన కూర్చోండి బాబాయిగారూ, మిమ్మల్ని చూస్తే వదిలేస్తారు" అని అడిగాను.

"రేపు నేను చౌరస్తల కూసుంట. నాకు గాడ పని ఉన్నది."

"మరి మమ్మల్ని ఆపితే?"

"తొవ్వ అడుగు. ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాటల్నే చెప్పు, మా లెక్క మాట్లాడబోకు. నీకు రాదు."

ఒళ్ళు మండింది. ఆయన భార్య అందించిన టీ కూడా తాగకుండా పైకొచ్చేశాను.

మర్నాడు చౌరస్తా మొదట్లోనే ఆపేశారు. రోడ్డుకి అడ్డంగా టైర్లు, వాటి వెనక జనం. ఒకతను నెంబరు చూసి బానెట్ మీద అరచేత్తో చరిచాడు. "గుంటూరు బండి ఏడికి పోతుంది?" అన్నాడు. జనంలో మూడో వరసలో బాబాయిగారు కనిపించారు. నన్ను చూశారు. లేవలేదు. ఆయన లేవరని అర్థమయ్యాక నాకెక్కడలేని తెగువా వచ్చింది. అద్దం దించాను.

"మావారికి డయాలసిస్ అండి. ఇవాళ జరక్కపోతే రేపటికి ఊపిరాడదు. గుంటూరు బండే, మేము అటువాళ్ళమే. నాకు దారి కావాలి" అన్నాను.

అతను వంగి వెనక సీట్లోకి చూశాడు. మావారు చొక్కా చెయ్యి పైకి లాగి, సూది గుచ్చీ గుచ్చీ ఉబ్బిన నరం చూపించారు. అతను వెనక్కి తిరిగి "ఏయ్, టైరు తియ్యిన్రి. పేషెంటున్నడు" అని కేకేశాడు. నా వైపు తిరిగి, "సీదా పో అక్కా. ముంగట గూడ ఆపుతరు, ఇట్లనే చెప్పు" అన్నాడు. ఇంకో రెండుచోట్ల ఆపారు. రెండుచోట్లా అలాగే చెప్పాను. రెండుచోట్లా దారి ఇచ్చారు. గంట ఆలస్యంగానైనా డయాలసిస్ జరిగింది.

సాయంత్రం బాబాయిగారు వచ్చీ రాగానే అన్న మాట ఇది: "ఆపినప్పుడు ఇంజను ఎందుకు బంద్ చెయ్యలే? నిలబడి పెట్రోలు తాగిపిచ్చినవ్."

ఆపుకోలేకపోయాను. "మీరు లేచి రావచ్చుగా? చూస్తూ కూర్చున్నారు" అన్నాను, కోపంగానే.

"నేను లేస్తే నా మొఖం చూసి ఇడిసిపెడుదురు. ఎల్లుండి మళ్ళ పోవాలె గద, నేను అన్ని చౌరస్తలల్ల కూసుంటనా?" అని చెప్పులు విడుస్తూ అన్నారు. "నువ్వు అడిగినవ్, వాళ్ళు ఇచ్చిన్రు. బాగున్నది."

సమ్మె సాగినన్నాళ్ళూ ఒక్క డయాలసిస్ తప్పలేదు. మావారు ఇవాళ నా పక్కన కూర్చుని ఈ వ్యాసం చదువుతున్నారంటే, ఆ రోజు బాబాయిగారు లేవకపోవడం వల్లే. నేను ఎవరికీ ఇంత ఋణపడలేదు. ఆయనుండగా ఈ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్తే "సరే సరే, నీళ్ళు ఎక్కినయా?" అని మాట మార్చేసేవారు.

మొన్న ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు పాసైన రోజు లడ్డూల పొట్లంతో పైకొచ్చారు. "భయమైతుందా?" అని అడిగారు. కొంచెం అన్నాను. "కిరాయి పెంచనులే" అన్నారు. ఇంకొన్నాళ్ళలో రాష్ట్రం వస్తుంది. పండగంతా కళ్ళారా చూడకుండానే వెళ్ళిపోయారని నాకే కష్టంగా ఉంది.

ఈ మూడు నెలలుగా ఆయన గుండె బాగాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను, ఇంకెవర్నీ తీసుకెళ్ళనివ్వలేదు. ముందు సీట్లో కూర్చునేవారు గానీ, ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన కాలు ఊరుకుంటుందా? ముందు బండి ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు కింద మ్యాటుని నొక్కేది. "నేను కొడతాను కదా బ్రేకు" అని విసుక్కునేదాన్ని. "డ్రైవరుకు ఇంకోని బండిల నిద్ర పట్టదు బిడ్డా, ఏం జేస్తం" అనేవారు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాం. మెట్రో పనులకి కొత్తపేట దగ్గర రోడ్డు సగం తవ్వేశారు. లారీలు, ఆటోలు, దుమ్ము, ఎటు చూసినా హారన్లే. ముందు లారీ టక్కున ఆగింది. నేను ఆపి, అలవాటుగా కిందికి చూశాను. ఆయన కాలు కదల్లేదు. తిరిగి చూస్తే తల అద్దానికి ఆనించుకుని, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతున్నారు. ఊపిరికి చొక్కా జేబు లేచి పడుతోంది. అక్కడి నుంచి ఎక్కడా కుదుపు తగలకుండా, వెనకవాళ్ళు ఎంత హారన్ కొట్టినా నా దారిన నేను నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాను. మా గేటు ముందు ఇంజను ఆపేశాను. ఆయన భార్య బయటికి వస్తుంటే వద్దని చెయ్యి చూపించాను. ఆయన నిద్ర లేచేదాకా తలుపు తియ్యకుండా అలాగే కూర్చున్నాను.