చివరి పేజీ మీద ముద్ర

2001 జూలైలో లంబసింగికి దగ్గరలోని ఒక శాఖా గ్రంథాలయంలో నన్ను కాంట్రాక్టు మీద సహాయకురాలిగా వేశారు. గ్రంథపాలకుడి పోస్టు ఖాళీ. తలుపు తీయడం నుంచి పుస్తకం ఇవ్వడం దాకా అన్నీ నేనే. శాఖ మూసేసేదాకా అక్కడే పనిచేశాను. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని కాబట్టి ఆ ఉద్యోగం నాకు సరిపోయింది.

జిల్లా నుంచి పుస్తకాల కట్ట వస్తే, ప్రతిదానికీ ముందు నంబరు వేయాలి. తర్వాత శాఖ ముద్ర మూడుచోట్ల కొట్టాలి: పేరున్న పేజీ, మాకు మాత్రమే తెలిసిన ఒక లోపలి పేజీ, చివరి పేజీ. మాకు ఒక పెద్ద జానపద నవల భాగాలుగా వస్తుండేది. మాయమైన నదిని వెతుక్కుంటూ పడవను భుజాన మోసుకుపోయే మనిషి కథ. దాని చివరి పేజీల మీద మాత్రం అక్షరాలను అరచేత్తో కప్పి ముద్ర వేసేదాన్ని. ముగింపు ముందుగా కంటబడటం నాకు ఇష్టం లేదు.

ఆ నవలకు నాకన్నా గట్టి అభిమాని సోమన్న. కొండమీద కాఫీ, మిరియాలు పండించేవాడు. చదువు రాదు. సంతరోజున సరుకు అమ్ముకుని వచ్చి గోడవార కూర్చుంటే నేను చదివి వినిపించేదాన్ని. 'నిశ్శబ్దం' అన్న బోర్డు కింద నా గొంతు పైకి లేచేది అప్పుడే. ప్రతి భాగం చివరా ఒకటే అడిగేవాడు.

"పడవ నీటి మీద పడతాదా, పడదా?"

తెలీదంటే, చదువుకున్న గుంటవి నీకే తెలీకపోతే నాకేటి తెలుస్తాదని నవ్వేవాడు.

ఒక వానాకాలం సోమన్న జ్వరంతో పోయాడు. ఆ చలికాలంలో ఆఖరి భాగం వచ్చింది. నేను ముద్ర వేస్తుండగా అతని భార్య కాసులమ్మ గుమ్మంలోకి వచ్చింది. పుస్తకాలొచ్చాయని కట్ట దింపిన బస్సు కండక్టరు చెప్పాడట. మర్నాడు వాళ్లింట్లో చిక్కుడు కొత్త పండగ. అక్కడ కొత్త పంటను ముందు దేవతకూ, పోయినవాళ్లకూ పెట్టిగానీ ఇంట్లోవాళ్లు ముట్టరు.

"మా ముసిలోడికి ఇది కూడా కొత్తేనమ్మా. ఆడికెట్టకుండా నువ్వు సదివేస్తావేటి?"

ఈ భాగం మొదటినుంచీ చదవాలంటే చాలా సంతలు పడతాయన్నాను. అంతా అక్కర్లేదు, పడవ సంగతొక్కటీ చాలంది. అంటే చివరి అధ్యాయం. నేను తేదీల చీటీ అతికిస్తూ కూర్చున్నాను. ఏళ్ల తరబడి అరచేత్తో కప్పుకుంటూ వచ్చినదాన్ని ఆమె ముందుగా తెరవమంటోంది.

"అది నాకూ తెలీదు మామ్మా" అన్నాను.

"అయితే ఆడూ నువ్వూ ఒక్కసారే ఇంటారు."

పుస్తకాన్ని నా కార్డు మీద రాసుకుని మర్నాడు వెళ్లాను. సోమన్న పేరిట నిలిపిన రాయి దగ్గర ఆకులో అన్నం, చిక్కుడు గింజల కూర పెట్టారు. ఇంటిల్లిపాదీ తినకుండా కూర్చున్నారు. నేను మొదలుపెడితే, ఆడికి ఇనపడాల, బిగ్గా సదవమంది కాసులమ్మ. చదివాను. పడవ నీటి మీద పడింది. ఎక్కింది వేరెవరో. మోసుకొచ్చినవాడు ఒడ్డునే ఉండిపోయాడు.

"పడింది కదా" అంది కాసులమ్మ, రాయి వైపు తిరిగి. అందరినీ తినమంది. నాకూ ఆకు వేసింది.

మిగతా అధ్యాయాలు తర్వాత చదివాను. ప్రతి మలుపులోనూ ఒడ్డున ఆగిపోబోయేవాడే కనిపించాడు. అన్నేళ్లూ దాచుకున్న ఆనందం దొరకలేదు. పుస్తకాన్ని వరసగా చదవడం నా అలవాటు మాత్రమేనని, అది ముందెవరికి చేరాలో తేల్చేది దానికోసం కాచుకున్నవాళ్లేనని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ నవల చివరి పేజీ మీద ముద్ర వేసేటప్పుడూ చెయ్యి అడ్డం పెట్టలేదు.