నిమ్మకాయతో తోమిన లిబ్రా

లిమాలో నెలకోసారి జరిగే నాణేల ప్రదర్శనలో, పాత నాణేలు కొనే దొన్ తెయోఫిలో బల్ల దగ్గరికి జనం కాస్త జంకుతూనే వస్తారు. ఆయన నాణేన్ని రెండువేళ్లతో అంచు పట్టుకుని, భూతద్దం కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. కనపడింది మొహం మీదే చెప్పేస్తాడు. "మీ తాతదైతే ఏంటయ్యా, గీత గీతే" అని ఓ ప్లీడరు మొహం మాడ్చేశాడు ఒకసారి.

మొన్న ఆదివారం ఎవుదోసియా అనే ముసలామె వచ్చి, చేతిరుమాలు ముడి విప్పి, లిబ్రా అనే పాత బంగారు నాణెం ఒకటి బల్ల మీద పెట్టింది. భర్త కంటి ఆపరేషన్‌కని అమ్ముతోంది. అరుదైన ఏడాదిలో ముద్రించింది. కానీ దాని నిండా సాలెగూడులా సన్నటి గీతలు.

"ఎవరు తోమారమ్మా?"

"నేనే నాయనా, పొద్దున్నే. నిమ్మకాయా బూడిదా పెట్టి తోమాను. నలుగురిలోకి మురికిగా తెస్తానా?"

తోమకపోతే సేకరించేవాళ్లు మూడింతలు పెట్టి కొనేవారు. ఇప్పుడది తూకానికి అమ్ముకునే ఉత్త బంగారం. పక్కబల్ల సకారియాస్, ఇక ఈమె పనైపోయిందన్నట్టు తల దించుకున్నాడు. తెయోఫిలో మాత్రం ఏమీ అనకుండా తూచి, బంగారం ధర పైసా తగ్గించకుండా ఇచ్చాడు. ఆమె నోట్లను అదే రుమాలులో కట్టుకుంది.

"తోమాను గనకే ఇంత పలికింది. ఇంట్లో ఇంకోటుంది. వచ్చే నెల దాన్నీ తోమి తెస్తా."

దొన్ తెయోఫిలో భూతద్దాన్ని చాలాసేపు తుడిచాడు.

"దాన్ని ముట్టుకోకమ్మా, ఉన్నదున్నట్టు పట్రా. తోమే పని నాది," అన్నాడు, జన్మలో ఒక్క నాణేన్నీ తోమని మనిషి.